నూనె పొయ్యని గొయ్యి

చెట్టుకప్ప నీళ్ళలో గుడ్లు పెట్టదు. నీళ్ళకు పైన వంగి ఉన్న కొమ్మ చూసుకుని, ఆకు మీద నురుగు చేసి అందులో పెడుతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదవలేదు. నా భార్య చూసి చెప్పింది. కప్పలన్నీ నీళ్ళలోనే గుడ్లు పెడతాయని నేను వాదించాను కూడా. నేను చదువుకున్న వాచకంలో అలాగే ఉంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ కప్పను గురించి ఆమె చూసినవీ, లేవలేని రోజుల్లో నేను చూసి ఆమెకు చెప్పినవీ ఒకచోట రాసిపెట్టాలని కొన్నిసార్లు కూర్చున్నాను. కప్ప వరకే రాసి ఆపడం నాకు చేతకాలేదు. దోమలు పుట్టకుండా ఆ కప్పల గోతిలో నూనె పోయించడం నా ఉద్యోగంలో ఒక పని. నేను పొయ్యలేదు. ఆమె చావుకు అదే కారణమా అన్నది నాకు మూడేళ్ళపాటు తేలలేదు.

అప్పట్లో నేను అనంతగిరి కొండల్లో టీకాలు వేసేవాణ్ణి. రాజవొమ్మంగి వైపు మన్యం పితూరీ చల్లారి రెండేళ్ళు కావస్తోంది. సర్కారు మనిషి వస్తున్నాడంటే కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పోయేవారు. ఊరు చేరేసరికి ముసలివాళ్ళూ కోళ్ళూ మిగిలేవి. పెట్టె మోసుకుని మళ్ళీ కొండ దిగేవాణ్ణి. మాకు ఇచ్చిన ఇల్లు ఘాటు రోడ్డుకు కాస్త ఎగువన ఉండేది. మట్టిగోడలు, గడ్డి కప్పు. గోడలకు మన్ను తీసిన గొయ్యి ఇంటి వెనక పూడ్చకుండా వదిలేశారు. నడుములోతు ఉంటుంది. మొదటి వానలకే నిండింది. దాని మీదికి ఒక చెట్టుకొమ్మ వంగి, ఆ కొమ్మ నిండా అడ్డతీగ అల్లుకుని ఉండేది.

నా భార్యది విజయనగరం దగ్గర పల్లె. బడిలో రెండో తరగతి దాకా చదివింది. తక్కినది నా పుస్తకాలు తీసి తనే చదువుకుంది. నేను తెచ్చే పుస్తకాల్లో ఆమెకు కథలు నచ్చేవి కావు. అందులోవాళ్ళందరూ ఏడవడానికి ముందుగానే సిద్ధమై కూర్చుంటారని అనేది. మొక్కల గురించో, రాళ్ళ గురించో ఉన్నవి మాత్రం రెండేసిసార్లు చదివేది.

మొదటి కప్ప ఆమెకు విస్తరాకుల కోసం అడ్డాకులు కోస్తుంటే దొరికింది. ఆకు పట్టుకుని తుంచబోతే చేతికి చల్లగా తగిలిందట.

"ఈ ఆకుకి కళ్ళున్నాయండీ," అని పిలిచింది.

పగలు చూస్తే అది కప్పలా ఉండదు. నాలుగు కాళ్ళూ కడుపు కిందికి ముడుచుకుని, కళ్ళు మూసుకుని ఆకుకు అతుక్కుని ఉంటుంది. ఆడది మనిషి అరచేతిలో సగం ఉంటుంది. మగది అందులో సగం. వెన్ను లేత అరటాకు రంగు. బాగా ఎండ కాస్తే పసుపుకు తిరుగుతుంది, మబ్బు పడితే ముదురుతుంది. కడుపు తెల్లగా, గరుకుగా ఉంటుంది. వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలుంటాయి. వాటితో నిలువు గోడనైనా పట్టుకుని ఎక్కుతుంది. వేళ్ళ మధ్య ఎర్రటి పొర ఉంది గాని, దూకేటప్పుడు తప్ప అది కనిపించదు. కంటిపాప అడ్డంగా గీసిన గీతలా ఉంటుంది. సాయంత్రం చీకటి పడుతుండగా మగవి అరవడం మొదలుపెడతాయి. బురదకప్పల్లా బెకబెకమనవు. రెండు కర్రముక్కలు తట్టినట్టు, రెండు మూడుసార్లు తట్టి ఆగుతాయి. ఆ చప్పుడు కప్పదని మాకు చాలా రోజులు తెలియలేదు. వడ్రంగిపిట్ట అనుకున్నాం.

ఆషాఢం మొదట్లో, రాత్రంతా వాన పడి తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, నేను ముఖం కడుక్కుంటుంటే ఆమె గోతి దగ్గర నుంచి పిలిచింది.

"బేగి రండి. మీ పుస్తకం కూడా తెచ్చుకోండి."

కొమ్మ మీద ఆడకప్ప, దాని వీపు మీద మగది, పక్కన ఇంకో మగది కరుచుకుని ఉన్నాయి. ఆడది వెనక కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కదిలిస్తోంది. దాని కింద తెల్లటి నురుగు లేస్తోంది. కవ్వం పెట్టి చిలికితే లేచినట్టు, కాని ఇంకా చిక్కగా. మేం చూస్తుండగానే అది పిడికిలంత అయింది. మగవి దిగిపోయాయి. ఆడది ఆకు అంచుల్ని వెనక కాళ్ళతో లోపలికి లాక్కుని నురుగుకు అంటించింది. తర్వాత గోతిలోకి దిగి, కడుపు నీళ్ళలో ముంచుకుని, మెల్లగా మళ్ళీ పైకెక్కి పోయింది.

"నీళ్ళలో కాదు కదా," అంది.

"ఇది నురుగే. గుడ్లు తర్వాత నీళ్ళలో పెడుతుందేమో."

"ఓడిపోయానంటే నోరు పడిపోద్దేటి?"

చీపురుపుల్లతో నురుగును ఒక పక్క కొంచెం విడదీసి చూపించింది. లోపల తెల్లటి గుడ్లు, ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. మధ్యాహ్నానికి నురుగు పైన పొర కట్టి గట్టిపడింది. లోపల మాత్రం తడి ఆరలేదు. ఆ రోజు నుంచి ఆమె నా టీకాల పుస్తకం వెనక పేజీల్లో పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. పొడుగ్గా ఏమీ రాసేది కాదు. "ఈరోజు పొర పసుపు తిరిగింది." "చీమలు వచ్చాయి, లోపలికి పోలేదు." అంతే.

సంతకు పోతూ వస్తూ మా అరుగు మీద బరువు దించుకునే ఒక ముసలామె ఉండేది. ఎగువ ఊరిలో సామలు, చోళ్ళు పండించుకునే కొండవాళ్ళ మనిషి. పసుపు, అడ్డాకుల కట్టలు మోసుకొచ్చేది. నన్ను బాబు అనేది. నా భార్యను గుంట అనేది, ఆడపిల్ల అని అర్థం. నా పెట్టెకు మాత్రం ఎప్పుడూ దూరంగా కూర్చునేది. ఆమె నురుగును చూసి, మోచెయ్యి నీళ్ళ మీద పెట్టి కొలిచింది.

"మూరెడున్నర. ఈ యేడు గట్టి వాన. పల్లం సేను ఒగ్గేయాల," అంది.

వాళ్ళ ఊళ్ళో నురుగు ఎంత ఎత్తున కడితే నీరు అంత దాకా వస్తుందని లెక్క. తక్కువ ఎత్తున కడితే పల్లపు చేనులో చల్లుకుంటారు. ఎక్కువ ఎత్తున కడితే పల్లాన్ని వదిలేసి మెట్టకు పోతారు. అందుకని నురుగున్న కొమ్మను అది కరిగేదాకా ఎవరూ కొట్టరు.

"కొడితే ఏటవుద్ది?" అని నా భార్య అడిగింది.

"కొట్టినోడి సేను అడుగుతాది, ఎంత వానొచ్చిందీ అని. ఆడేటి సెప్తాడు?" అంది ముసలామె.

అప్పటికే నా భార్యకు ఒకసారి చలిజ్వరం వచ్చి తగ్గింది. జ్వరానికి ఇచ్చిన కొయినా మాత్రలు మింగి చెవుల్లో హోరు పెడుతోందని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంటికి దిగువన ఉన్న రోడ్డు పని కాంపులో కూలీలకు జ్వరాలు ఎక్కువయ్యాయి. పక్షానికి ఒకసారి గుర్రం మీద వచ్చే డాక్టరు కొత్త ఉత్తర్వు తెచ్చాడు. కాంపుకూ ఇళ్ళకూ దగ్గరలో నిలవ నీరు ఎక్కడున్నా వారానికోసారి మడ్డినూనె పొయ్యాలి. నిలవ నీటిలో దోమ పుడుతుంది, నూనె పోస్తే దాని పిల్ల ఊపిరాడక చస్తుంది. తాగేనీటి గుంటలకు మినహాయింపు. వాటి పక్క రాయి మీద సున్నంతో గుండ్రంగా గీత పెట్టాలి. గీత ఉంటే నూనె మనిషి ఆగకుండా పోతాడు. మా వైపు ఈ పనంతా నేను చూడాలి.

ఉత్తర్వుతోపాటు ఒక కరపత్రం ఇచ్చారు. నిలవ నీరు శత్రువు, పారే నీరు మిత్రుడు అన్న అర్థం వచ్చేలా నాలుగు పేరాలు. నాకు అందులో అనుమానించదగింది ఏమీ కనిపించలేదు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం నాకు చిన్నప్పటి అలవాటు.

ఇంటికి వచ్చి మొట్టమొదట మన గోతిలోనే పోయించాలి అన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి అంది.

"మీ టీకాలంటే పిల్లలు అడవిలోకి పారిపోతారు. వీటికి పారిపోడానికి కాళ్ళింకా రాలేదు."

"జ్వరం నీకు వచ్చింది, వాటికి కాదు."

"వాటి దోమే కుట్టిందని సీటీ రాసిచ్చిందేటి? కాళ్ళొచ్చేదాకా ఆగండి. తర్వాత మీ ఇష్టం, గోతిలోనే దీపం పెట్టుకోండి."

మా పెళ్ళయ్యాక ఆమె అడిగిన మొదటి కోరిక అదేమీ కాదు. కాని మిగతావన్నీ నేను తీర్చలేనివి. తల్లిని చూడాలంది, సెలవు దొరకలేదు. కొండ దిగి పోదామంది, బదిలీ కాలేదు. ఇది నా చేతిలో ఉంది. మర్నాడు పొద్దున్నే సున్నం తడిపి గోతి పక్క రాయి మీద గుండ్రంగా గీత పెట్టాను.

నూనె మనిషి డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు. విశాఖపట్నం వైపు వాడు, పెద్దవాడు. రాయి చూసి ఆగాడు.

"బాబూ, దీనికి గీత ఎవులు పెట్టీసినారు? నిన్న లేదు."

"నేనే పెట్టాను."

"ఈ నీళ్ళు తాగుతారేటండి మీరు?"

నా భార్య అరుగు మీద నుంచి అంది. "తాగుతారు. సదూకున్నోళ్ళు కదా, మంచినీళ్ళు పడవు."

అతను నవ్వుకుంటూ కిందికి పోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మా ఇంటి చుట్టుపక్కల నూనె పొయ్యని నిలవ నీరు అదొక్కటే.

తర్వాత వారం వాన పడలేదు. నురుగు పైపొర చిట్లింది. అంచున ఉన్న గుడ్లు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. ముసలామె మోచేతి లెక్క తప్పినట్టే కనిపించింది. నా భార్య రోజుకు మూడుసార్లు చేత్తో నీళ్ళు చిలకరించేది. లోపల గుడ్లు పగిలి, సన్నటి తోకలున్న పిల్లలు నురుగులోనే మెలికలు తిరుగుతున్నాయి. అవి కదిలే కొద్దీ చుట్టూ నురుగు పలచబడి నీరవుతోంది. అయినా కిందపడవు. వాన కోసం చూస్తాయి. ఎనిమిదోరోజు మధ్యాహ్నం వాన వచ్చింది. నురుగు అడుగున కరిగి చుక్కలుగా జారింది. ఒక్కో చుక్కలో రెండు మూడు తోకలు. కొన్ని చుక్కలు గోతి గట్టు మీద పడ్డాయి. ఆమె వానలో తడుస్తూ వాటిని గరిటెతో ఎత్తి నీళ్ళలో వేసింది. నేను లోపలికి రమ్మని అరిచాను. వినలేదు.

శ్రావణం చివర మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి మొదటిసారి కంటే గట్టిది. వణుకు మొదలైతే మంచం కోళ్ళు నేలకు కొట్టుకునేవి. నేను రెండు దుప్పట్లు కప్పి, వాటి మీద నేను పడుకుని అదిమిపట్టేవాణ్ణి. చెమట పట్టి దిగాక ఆమె ముఖం మైనంలా ఉండేది. నాకు గోతి మీద భయం పట్టుకుంది. ఇంట్లో నుంచి దాన్ని చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. ఒక సాయంత్రం నూనె డబ్బా తెచ్చి వాకిట్లో పెట్టాను.

"వెనక కాళ్ళు మొలకలొచ్చాయి," అంది మంచం మీద నుంచి. "ఇంకెన్నాళ్ళు."

నేను నూనె పొయ్యలేదు. ఆమె మాట కాదనలేదు. గోతిని నమ్మనూ లేదు. మూడో దారి ఒకటి వెతికి, అదే తెలివి అనుకున్నాను. కొండవాగును అక్కడ గెడ్డ అంటారు. మా ఇంటికి దిగువన గెడ్డ ఒడ్డున ఒక మంచి పాక ఖాళీగా ఉంది. రోడ్డు పని చూసే ఉద్యోగి ఒకాయన కట్టించుకుని, వెళ్ళిపోయాడు. ఎత్తు అరుగు, గట్టి తలుపు. చుట్టుపక్కల నిలవ నీరు చుక్క లేదు. ఎదురుగా గెడ్డ రాళ్ళ మధ్య పారుతూ, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉంటుంది. కరపత్రంలోని వాక్యానికి తగ్గట్టు కట్టినట్టుంది. అనుమతి తీసుకుని, ఆమెను డోలీలో అక్కడికి మార్చాను.

ముసలామె దారిలో ఎదురై, డోలీ ఆపించింది.

"గెడ్డ ఒడ్డున మావోలు పశువుని కూడా కట్టరు బాబూ. ఈ గుంటని పడుకోబెడతావేటి?"

"ఎందుకు కట్టరు?"

"పులి నీల్లకొత్తాది. గెడ్డ ఒక్క రేయిలో పొంగుతాది. ఇంకేటి కావాల నీకు?"

తలుపు గట్టిదని, అరుగు ఎత్తని చెప్పాను. ఆమె చెప్పిన రెండు కారణాలకూ నా దగ్గర జవాబులున్నాయి. మూడో కారణం ఒకటుందని ఆమెకూ తెలియదు.

పాకలో మొదటి పదిహేను రోజులు నా భార్య తేరుకుంది. నా తెలివి మీద నాకు నమ్మకం పెరిగింది. ఒళ్ళు వేడిగా ఉందని సాయంత్రాలు గెడ్డ దగ్గర రాతి మీద కూర్చుని, గడ్డి మొలిచిన అంచున కాళ్ళు నీళ్ళలో పెట్టుకునేది. చల్లగాలి మంచిదని నేను అడ్డు చెప్పలేదు. పాకకు వెనక్కి ఎత్తుకుని తెచ్చేది నేనే. అప్పటికి ఆమె బరువు లేదు.

గోతి దాకా ఎక్కే శక్తి ఆమెకు లేకపోయింది. రోజూ నేనే పోయి చూసి వచ్చి చెప్పాలి. వెనక కాళ్ళు ముందు వస్తాయి, తోక మొదట్లో రెండు చుక్కల్లా. అవి పొడుగై మడత పడతాయి. అప్పటికీ పిల్ల చేపలాగే ఈదుతుంది, కాళ్ళు వాడదు. నోరు నీటి అడుగున నాచును గీకుతుంది. మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగి దిగుతుంది. రంగు మట్టిరంగు. ఆకుపచ్చ జాడ ఎక్కడా కనిపించదు. అది ఎప్పుడొస్తుంది అని రోజూ అడిగేది. నాకు తెలియదు.

భాద్రపదం దాటుతుండగా మూడోసారి జ్వరం వచ్చింది. ఆ జ్వరం పూర్తిగా దిగలేదు. ఆమెను ఎలాగైనా ఉత్సాహపరచాలని ఒకరోజు నేను అబద్ధం ఆడాను.

"ఒకటి గట్టెక్కి ఆకు మీద కూర్చుంది. పచ్చగా ఉంది," అన్నాను.

"తోకుందా?"

"లేదు."

"నిన్న ముందుకాళ్ళే రాలేదన్నారు. ఇయ్యాల తోక కూడా పోనాదా?" కొంతసేపు కళ్ళు మూసుకుంది. "సూసిందే సెప్పండి. కల్పించకండి. నాకు మీ కళ్ళే కదా ఉన్నాయి."

ఆ తర్వాత చూడనిది చెప్పలేదు. ముందుకాళ్ళు నిజంగా వచ్చిన రోజు పరుగెత్తుకుంటూ కొండ దిగి చెప్పాను. అవి వెనక కాళ్ళలా మెల్లగా పెరగవు. చర్మం కింద ముడుచుకుని ఉండి, ఒక్కసారిగా మోచేతితో చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తాయి. ఎడమది ముందు వచ్చింది అన్నాను. పెన్సిలు అడిగింది. వేళ్ళు పట్టలేదు. ఆ వాక్యం నేనే రాశాను.

మర్నాడు ఆమె మూత్రం నల్లగా, కాఫీ డికాక్షనులా వచ్చింది. దాని అర్థం నాకు తెలుసు. కాంపులో ఇద్దరు కూలీలు అలాగే పోయారు. డాక్టరు కోసం మనిషిని పంపాను. ఆయన రెండోరోజు సాయంత్రం వచ్చి, నాడి చూసి, పాక బయటికి వచ్చి గెడ్డ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్ళు, గోళ్ళు పసుపు తిరిగాయి. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ముసలామె వచ్చి తల దగ్గర కూర్చుని నుదురు నిమిరింది. నా భార్య ఆమెను తల్లి అనుకుంది. పప్పు మాడుతోంది, చూడమంది. కప్పల గురించి అడగలేదు. నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. మూడోరోజు మధ్యాహ్నం పోయింది.

గెడ్డ అవతల దహనం చేశాం. కట్టెలు తడిసి ఉన్నాయి. ఆ పని చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున నూనె డబ్బా తీసుకుని ఒక్కణ్ణే గోతి దగ్గరికి పోయాను. కోపంగా ఉన్నానని చెప్పలేను. చెయ్యవలసిన పని ఆలస్యంగా చేస్తున్నానని మాత్రం అనిపించింది. ఈ నీరే చంపింది, దీన్ని కాపాడింది నేను. డబ్బా మొత్తం వంచాను. నూనె రంగులు తిరుగుతూ గోతి అంతా పరుచుకుంది. పిల్లలు అలవాటు ప్రకారం గాలి కోసం పైకి వచ్చాయి. నోరు నూనెకు తగిలి, కిందికి పోయి, మళ్ళీ వచ్చాయి. గాలి కావాలి, కనుక రాక తప్పదు. కొంతసేపటికి వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. నాలుగు కాళ్ళూ వచ్చినవి పదో పన్నెండో గట్టు మీదికి పాకాయి. తోక ఇంకా ఉంది, వాటి వీపు మీద లేత పచ్చ పొడ కూడా ఉంది. ఒంటికంతా నూనె అంటింది. మధ్యాహ్నానికి అవి కూడా రాతి మీదే కదలకుండా పోయాయి. తోక పూర్తిగా పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో, పిల్ల మొదటి పురుగును ఎప్పుడు పడుతుందో అందుకే నాకు తెలియదు.

తల తిప్పితే ముసలామె కట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నీ గుంట సూసుకున్నవి కదా బాబూ," అంది. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత మా అరుగు మీద దించుకోలేదు.

నన్ను కురుపాం వైపు బదిలీ చేశారు. బదిలీ అడిగిన రోజుల్లో రాలేదు. ఆ మూడేళ్ళూ నేను టీకాలు వేశాను, నిలవ నీరు కనిపించిన ప్రతిచోటా మడ్డినూనె పోయించాను. సున్నం గీత ఉన్న గుంటల్ని వంగి వాసన చూసి, నిజంగా తాగేవేనా అని ఊరివాళ్ళను నాలుగుసార్లు అడిగేవాణ్ణి. పుస్తకాలు చదవడం మానలేదు. చదివింది నమ్మడం కొంత మానాను. ఇంటి దగ్గర ఎక్కడ కర్రముక్కలు తట్టినట్టు వినిపించినా తలుపు వేసుకునేవాణ్ణి.

మూడో ఏడు అక్కడికి జ్వరాల మీద పని చేసే డాక్టరు ఒకాయన వచ్చాడు. ఆయన ఒక పిడి ఉన్న తెల్లటి గరిటె పట్టుకుని రోజంతా నీళ్ళలో తిరిగేవాడు. సామాను మోయించడానికి నన్ను తోడిచ్చారు. మొదటిరోజే నేను ఆయన్ను మన్ను తీసిన గోతుల వైపు తీసుకుపోయాను. ఆయన రెండు గరిటెలు ముంచి చూసి, చాలులే అన్నాడు.

"ఇది వేరే దోమ. కుడుతుంది గాని, ఈ జ్వరం మొయ్యదు. మీ కొండల్లో మోసేది ఎక్కడుంటుందో చూపిస్తా రండి."

గెడ్డలోకి దిగాడు. నీరు తేటగా పారుతోంది. అంచున గడ్డి నీళ్ళలోకి వాలి, ప్రవాహం కాస్త మెల్లబడిన చోట గరిటె ముంచాడు. తెల్లటి అడుగు మీద సన్నటి నల్ల పుల్లల్లాంటివి, నీటి పైపొరకు సమంగా పడుకుని ఉన్నాయి. వేలితో తాకితే చటుక్కున వెనక్కి జరిగాయి.

"పారే నీటిలో పుట్టదన్నారు," అన్నాను.

"మేమూ అలాగే అనుకున్నాం. అలాగే అచ్చు వేశాం," అన్నాడు. నా ముఖం చూసి, "మీకు ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగాడు.

ఎక్కడ ఉండేవాళ్ళమో చెప్పాను. ఆయన గరిటె ఒంచేసి, దాన్ని గుడ్డతో చాలాసేపు తుడిచాడు. అది ఎవరి పొరపాటూ కాదని అన్నాడు. మంచివాడు. ఆమెకు అప్పటికే రెండుసార్లు జ్వరం వచ్చిందని, పై ఇంట్లో ఉన్నా ఏమయ్యేదో చెప్పలేమని కూడా అన్నాడు. నిజమే, చెప్పలేం. కాని గోతి కాదని మాత్రం తెలిసింది. గోతికి భయపడి ఆమెను ఎత్తుకుపోయి గెడ్డ ఒడ్డున పెట్టింది నేను. సాయంత్రాలు ఆ గడ్డి అంచున కూర్చోబెట్టింది నేను. కప్పల్ని చంపడానికి కూడా కారణం లేదు.

అక్కడికి కొంచెం దిగువన కలప పని కూలీల పాకలు ఉన్నాయి, గెడ్డకు పది అడుగుల్లో. డాక్టరు గుర్రమెక్కి పోయాక నేను అక్కడ ఆగాను. ఆడవాళ్ళు పొయ్యిలు వెలిగిస్తున్నారు. సామాను పైకి మోసుకుపోండి, ఇక్కడ పడుకోకండి అన్నాను.

"ఏటి బాబూ, మేం గెడ్డని మింగేత్తామేటి?" అని ఒకామె అంది. మిగతావాళ్ళు నవ్వారు.

దోమ సంగతి చెప్పాను. నీళ్ళలో తెల్లటి గిన్నె ముంచి చూపించాను. గిన్నెలో ఉన్నవి చేపపిల్లలన్నారు. సర్కారువాళ్ళు పోయినేడు గోతులన్నారు, ఈ యేడు గెడ్డంటున్నారు, వచ్చే ఏడు కుండలో నీళ్ళంటారు అని ఒకతను అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. అప్పుడు నేను, నా భార్య ఇలాంటి పాకలోనే చచ్చిపోయింది, తీసుకొచ్చి పెట్టింది నేనే అన్నాను. ఆ మాట అంతకు ముందు ఎవరితోనూ అనలేదు. నవ్వు ఆగింది. మొదట మాట్లాడిన ఆమె పొయ్యి మీది కుండ దించి, మంట మీద నీళ్ళు చల్లింది.

చీకటి పడేలోగా ఆరు కుటుంబాలు గట్టెక్కాయి. నేను కూడా రెండు చాపలు, ఒక కోళ్ళగంప మోశాను. మూడోరోజు పోయి చూస్తే నాలుగు కుటుంబాలు మళ్ళీ కిందికి దిగిపోయాయి. పైన నీళ్ళు లేవు.